కామొమైల్ బిస్కెట్ తింటే నిద్ర పడుతుందా?

పోయిన సంచికలో కామొమైల్ (చామంతిని పోలిన చిన్న పువ్వు) లాంటి పూలు, ఆకులు వేసి బేకింగ్ చేయడం గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రుచి గురించి కాదు, నిద్ర గురించే. ఇంతమంది కంటి మీద కునుకు లేక బాధపడుతున్నారా అని మనసు కలుక్కుమంది. వీలైనన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: అక్కా, ఎండు కామొమైల్ పూలు తెచ్చి మూడు చెంచాలు కేకు పిండిలో కలిపాను. కాలుతున్నప్పుడు ఇల్లంతా మంచి వాసన వచ్చింది. కేకులో మాత్రం వాసనా లేదు, రుచీ లేదు. గడ్డి నమిలినట్టు పూలు పంటికి తగిలాయి. ఓవెన్ వేడికి వాటి గుణమంతా పోయినట్టేనా?

జవాబు: గుణమంతా పోలేదమ్మా. అసలు పిండిలోకి దిగనే లేదు.

ఓవెన్ మీద 180 అని పెట్టినా కేకు లోపల 180 డిగ్రీలు ఉండవు. పిండిలో తడి ఉన్నంతసేపు లోపలి వేడి వంద దాటదు. కేకు అయిపోయాక నడిమధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి, 95కూ 99కీ మధ్య ఆగుతుంది. టీ పెట్టే నీళ్ల వేడి ఎంతో ఇదీ దాదాపు అంతే. బాగా వేడెక్కేది పైపొర, అంచులు మాత్రమే. కామొమైల్ గురించి మాట్లాడేటప్పుడు పరిశోధకులు ఎక్కువగా చెప్పే పదార్థం ఎపిజెనిన్. మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద అది కొంత పనిచేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. అది ఆవిరైపోయే రకం కాదు. ఎగిరిపోయేది వాసననిచ్చే నూనె. ఇల్లంతా ఘుమఘుమలాడిందని రాశారు చూడండి, ఆ వాసన అంతా కేకులోంచి బయటికి వచ్చేసిందన్నమాట.

అందుకే పూలను నేరుగా పిండిలో వేయకండి. ముందు వెన్నలోకి దించండి. వాసననిచ్చే నూనెలు నీళ్లలో కంటే కొవ్వులో బాగా కలుస్తాయి, కొవ్వు వాటిని వదలకుండా పట్టి ఉంచుతుంది.

అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె తీసుకోండి. 115 గ్రాముల ఉప్పు లేని వెన్నను సన్నటి సెగ మీద కరిగించి, 6 గ్రాముల ఎండు పూలు వేయండి. బుడగలు రాకూడదు. వెన్న చిటపటలాడిందంటే సెగ ఎక్కువైనట్టే, గిన్నె దించేసి కాసేపాగి మళ్లీ పెట్టండి. మొదట్లో పూలన్నీ పైన తేలుతూ ఉంటాయి. తర్వాత మధ్యలోని పసుపు బుడిపెలు వెన్న పీల్చుకుని ఉబ్బి, ఒక్కొక్కటే అడుగుకు దిగడం మొదలుపెడతాయి. యాపిల్ తొక్క, ఎండు గడ్డి కలిసినట్టుండే వాసన అప్పుడే వస్తుంది. ఇరవై నిమిషాలు అలా ఉంచి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి ఇంకో పావుగంట కదిలించకండి. మూత తీసేటప్పుడు దాని లోపలివైపు చెమ్మ పట్టి ఉంటుంది. దాన్ని తుడిచేయకండి, గిన్నెలోకే జారనివ్వండి. వాసనలో కొంత ఆ చెమ్మలోనే ఉంటుంది. ఇక పల్చటి గుడ్డలో వడకట్టి, చెంచా వెనకవైపుతో నొక్కితే చాలు. పూలు కొంత వెన్నను తమ దగ్గరే ఉంచేసుకుంటాయి కాబట్టే ఆ పైన పదిహేను గ్రాములు ఎక్కువ తీసుకోమన్నాను.

వచ్చిన 100 గ్రాముల వెన్న మళ్లీ గట్టిపడ్డాక 50 గ్రాముల చక్కెర వేసి గిలకొట్టండి. 100 గ్రాముల మైదా, 50 గ్రాముల ఓట్స్ పొడి, చిటికెడు ఉప్పు కలపండి. ముద్ద విరిగిపోతుంటే ఒక చెంచా పాలు చల్లండి. పొడవుగా చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అర సెంటీమీటరు మందాన కోసి, 160 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. ఎర్రగా వేగనిచ్చారంటే వేగిన వెన్న వాసన కామొమైల్‌ను మింగేస్తుంది. ఇరవై బిస్కెట్ల దాకా వస్తాయి.

ప్రశ్న: మేడం గారూ, మావారికి నిద్ర సరిగ్గా పట్టదు. రోజూ రాత్రి పదింటికి కామొమైల్ మఫిన్లు మూడు, నాలుగు పెడుతున్నాను. ఇష్టంగానే తింటున్నారు. అయినా రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. పూలు ఇంకా ఎక్కువ వేయాలా?

జవాబు: వద్దండీ. పూలు పెంచకండి, మఫిన్లు తగ్గించండి.

పై బిస్కెట్లనే తీసుకుని లెక్క చూడండి. ఇరవై బిస్కెట్లకు ఆరు గ్రాముల పూలు అంటే ఒక్కో బిస్కెట్‌కు 0.3 గ్రాము. మామూలు కామొమైల్ టీ బ్యాగులో ఒకటి నుంచి రెండు గ్రాముల పూలుంటాయి. ఒక కప్పు టీకి సమానం కావాలంటే ఐదు బిస్కెట్లు తినాలి. వాటితోపాటు పాతిక గ్రాముల వెన్న, పన్నెండు గ్రాముల పైగా చక్కెర కడుపులోకి వెళ్తాయి. పోనీ ఆ టీ అయినా గ్యారంటీగా నిద్ర పట్టిస్తుందా అంటే, కామొమైల్ మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, ఫలితాలూ ఒక తీరున లేవు. కొందరికి కాస్త హాయిగా అనిపించింది, కొందరికి ఏ తేడా తెలియలేదు.

చక్కెర, వెన్న సంగతి మాత్రం కొంత తెలుసు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 26 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. పీచు ఎక్కువ తిన్నప్పుడు గాఢనిద్ర పెరిగింది, వెన్నలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే తగ్గింది, చక్కెర ఎక్కువైతే మధ్యలో మెలకువలు పెరిగాయి. అదీ చిన్న అధ్యయనమే. కానీ పదింటికి నాలుగు మఫిన్లు తిని, రెండింటికి లేచి కూర్చునే మనిషి విషయంలో నేను ముందు అనుమానించేది ఆ మఫిన్లనే. పడుకోబోయే ముందు కడుపు నిండా తింటే గుండెల్లో మంట వచ్చేవాళ్లూ ఉంటారు. మీవారిని ఒకసారి అడిగి చూడండి.

మరి ఈ బిస్కెట్లు ఎందుకు చేయడం అంటారా? నేను ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను, మనస్ఫూర్తిగా చేస్తాను. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు, ఫోన్ పక్కన పెట్టి, దీపం తగ్గించి, ఒకే ఒక్క బిస్కెట్‌ను నిదానంగా తినడం రోజూ ఒకే వేళకు అలవాటైతే, ఆ వాసన తగలగానే ఇక ఈ రోజు పని అయిపోయిందని ఒంటికి తెలిసిపోతుంది. నిద్ర వైద్యులు కూడా రోజూ ఒకే వేళకు, ఒకే తీరున పడకకు సిద్ధమవమని చెబుతారు. మీ చేతి బిస్కెట్ చేయగలిగిన మేలు అదే, నా దృష్టిలో అది తక్కువదేమీ కాదు. మీవారికి ఒకటి పెట్టి, మీరూ ఒకటి తీసుకుని పక్కన కూర్చోండి. నాలుగు మఫిన్లు చేయలేని పని అది చేయొచ్చు.

ప్రశ్న: లావెండర్ బిస్కెట్లు చేస్తే ఇంట్లో అందరూ "సబ్బు తిన్నట్టుంది" అన్నారు. ఫోటోల్లో చూస్తే ఎంతో బాగుంటాయి. నేను చేసిన దాంట్లో లోపం ఎక్కడుంది?

జవాబు: రెండు చోట్ల చూడండి. మొదటిది, మీరు కొన్న లావెండర్ ఏ రకం? వంటకు పనికొచ్చేది లావెండ్యులా ఆంగస్టిఫోలియా. లావండిన్ అని ఒక సంకర జాతి ఉంది. దిగుబడి ఎక్కువ కాబట్టి సబ్బులకు, బీరువాల్లో పెట్టే సువాసన సంచులకు దాన్ని విరివిగా వాడతారు. అందులో కర్పూరం శాతం ఎక్కువ, నాలుక మీద మందు తగిలినట్టుంటుంది. పొట్లం మీద వంటకు అని స్పష్టంగా రాసి లేకపోతే కొనకండి. అలంకరణకు అమ్మే పూల మీద ఏ మందులు చల్లారో మనకు తెలియదు. ఈ మాట కామొమైల్‌కూ వర్తిస్తుంది.

రెండోది కొలత. ఇరవై బిస్కెట్లకు ఎండు మొగ్గలు అర టీస్పూను చాలు. అంతకు మించితే ఎంత మంచి రకమైనా సబ్బే. ఆ అర టీస్పూను మొగ్గల్ని చక్కెరలో వేసి వేళ్లతో బాగా నలపండి. చక్కెర గరుకుకు మొగ్గలు చిట్లి, పలుకు కాస్త తడిగా, ముద్దగా అనిపిస్తుంది. చేతులు వాసన చూసుకుంటే మీకే తెలుస్తుంది. అప్పుడు జల్లెడ పట్టి మొగ్గల్ని తీసేయండి, పరిమళం చక్కెరకు అంటుకునే ఉంటుంది, పంటికింద ఏమీ తగలదు. కొద్దిగా నిమ్మతొక్క తురుము వేస్తే ఆ ఘాటు ఇంకా తగ్గుతుంది.

ఇంకో పాఠకురాలు లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ రెండు చుక్కలు వేయొచ్చా అని అడిగారు. వేయకండి. అది ఎంతో గాఢమైన సరుకు, సీసాలోంచి పడే చుక్కకు కొలతే ఉండదు. జర్మనీలో లావెండర్ నూనెను 80 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌గా ఆందోళనకు ఇస్తారు, దాని మీద పరీక్షలూ జరిగాయి. అది కొలత కట్టి చేసిన మందు. వంటింట్లో మనం వేసే చుక్కలకు ఆ ఫలితాలు వర్తించవు.

ప్రశ్న: వలేరియన్ వేరు పొడి నిద్రకు బాగా పనిచేస్తుందని చదివాను. చాక్లెట్ బ్రౌనీలో కలిపితే దాని చేదు తెలియదు కదా?

జవాబు: చేదు సంగతి తర్వాత, ముందు ఆ వాసన భరించలేరు. ఎండిన వలేరియన్ వేరుకు వాడిన సాక్సుల కంపు ఉంటుంది. చెమట పట్టిన పాదాల వాసనలో ఉండే ఐసోవలెరిక్ ఆమ్లమే ఇందులోనూ ఉంటుంది. ఓవెన్‌లో పెడితే ఇల్లంతా అదే. పైగా అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నిద్రలేమికి వలేరియన్ వాడొద్దనే సూచించింది, పనిచేస్తుందనడానికి తగినంత ఆధారం లేదని.

ఇక రాత్రిపూట బ్రౌనీ ఏంటి చెప్పండి! డార్క్ చాక్లెట్ 30 గ్రాముల్లో ఇరవై మిల్లీగ్రాములకు పైగా కెఫీన్ ఉంటుంది. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్ర కోసం చేసే దేంట్లోనూ చాక్లెట్, కాఫీ, టీ పొడి వేయకండి.

ప్రశ్న: అమ్మకు డెబ్బై దాటాయి. రక్తం పల్చబడే మాత్ర, నిద్రమాత్ర రెండూ వేసుకుంటుంది. నాకు ఇప్పుడు ఐదో నెల. మా పెద్దవాడు, పదినెలలు కూడా నిండని చెల్లెలి కొడుకు కూడా ఇంట్లోనే ఉంటారు. ఇంట్లో అందరికీ పనికొచ్చే ఒక రకం చెప్పండి.

జవాబు: తల్లీ, మీ ఇంటికి నేను మూలికలు లేని ఓట్స్ బిస్కెట్లే చెబుతాను.

కామొమైల్‌కూ వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులకూ పడకపోవచ్చని వైద్యులు హెచ్చరిస్తారు. నిద్రమాత్ర మీద మత్తు కలిగించే మూలికలు తోడైతే అర్ధరాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. బిస్కెట్‌లో పడేది కొంచెమే, నిజమే. కానీ అమ్మ రోజూ తింటుంది కాబట్టి, డాక్టర్‌తో ఒక్క మాట చెప్పాకే పెట్టండి. గర్భంతో ఉన్నప్పుడు కేకులో వాసనకు వేసే చిటికెడు లావెండర్ గురించి కంగారు పడొద్దు గానీ, మూలికల పొడులు, గాఢంగా తీసిన కషాయాల జోలికి పోకండి. చంటివాడికి ఏడాది నిండేదాకా తేనె వేసిందేదీ పెట్టకూడదు, ఓవెన్‌లో కాల్చినదైనా సరే. బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే, తేనెలో ఉండగల బీజాలు బేకింగ్ వేడికి చావవు.

మిగతా పాఠకులకు ఇంకో మాట. కామొమైల్ డైసీ కుటుంబపు మొక్క. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి, చామంతి జాతి పూలు పడనివాళ్లకు ఇది కూడా పడకపోవచ్చు. పెదాలు దురద పెట్టినా, గొంతు గరగరలాడినా ఆపేయండి. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు లెమన్ బామ్ (నిమ్మవాసన వచ్చే ఒక మూలిక ఆకు) మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: కుండీలో లెమన్ బామ్ గుబురుగా పెరిగింది. ఆకులు కేకులో వేస్తే నల్లబడి, వాసన లేకుండా పోతున్నాయి.

జవాబు: లెమన్ బామ్ నిమ్మవాసన చాలా సున్నితం, ఓవెన్‌కు తట్టుకోదు. దాన్ని కాల్చాక చేర్చండి. 150 మిల్లీలీటర్ల పాలు కాచి పొయ్యి కట్టేసి, చేత్తో నలిపిన గుప్పెడు పచ్చి ఆకులు వేసి మూత పెట్టండి. పావుగంటకు వడకట్టి, ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన సాదా కేకుకు టూత్‌పిక్‌తో చిల్లులు పొడిచి, చెంచాతో కొద్దికొద్దిగా పోయండి. వేడి కేకు పాలను గటగటా తాగేస్తుంది. తడి కేకు కాబట్టి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి.

ప్రశ్న: జాజికాయ నిద్ర తెప్పిస్తుందంటారు. కేకులో ఒక చెంచా నిండుగా వేయొచ్చా?

జవాబు: వద్దు, వద్దు. చిటికెడు చాలు. జాజికాయలో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంది. ఐదు గ్రాములు, అంటే సుమారు రెండు టీస్పూన్లు ఒక మనిషి కడుపులోకి వెళ్తే గుండెదడ, వాంతులు, లేనివి కనిపించడం దాకా పోవచ్చు. అది నిద్ర కాదు, విషం ఎక్కడం. ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బా అందనంత ఎత్తులో పెట్టండి.

ప్రశ్న: అక్కా, ఇది ఎవరికీ చెప్పలేదు. నాలుగైదు నెలలుగా రాత్రి రెండు, మూడు దాకా నిద్ర పట్టదు. పక్క మీద దొర్లి దొర్లి, లేచి వంటింట్లోకి వెళ్లి బిస్కెట్లు చేస్తాను. పిండి కలుపుతుంటే టెన్షన్ తగ్గుతుంది. పొద్దున్నే ఆఫీసులో తల పట్టుకుని కూర్చుంటాను. ఏ మూలిక వేస్తే నాకు నిద్ర పడుతుందో చెప్పండి.

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నీకు ఏ మూలికా చెప్పను. నీకు కావలసింది డాక్టర్.

వారంలో మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో, మూడు నెలలకు పైగా ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అది నీ చేతగానితనం కాదు, చికిత్స ఉన్న సమస్య. సీబీటీ-ఐ అనే పద్ధతి ఉంది. మాత్రలు లేకుండా, పడక వేళల్ని సరిచేస్తూ, నిద్ర గురించిన భయాన్ని, ఆలోచనల్ని దారిలో పెడుతూ కొన్ని వారాలు నడిపిస్తారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో పెద్దవాళ్ల నిద్రలేమికి అన్నిటికంటే ముందు ఇదే ఇవ్వాలని చెప్పింది. వెళ్లినప్పుడు గురక వస్తుందా, నిద్రలో ఊపిరి అందక లేస్తున్నావా, దిగులుగా ఉంటోందా, ఇవన్నీ దాచకుండా చెప్పు. ఇంట్లో ఒక్కరికైనా ఇవాళే చెప్పు.

నిద్ర పట్టకపోతే పక్క మీదే దొర్లకుండా లేవడం మంచిదే. ఆ పద్ధతిలోనూ, ఇరవై నిమిషాలు గడిచినట్టనిపిస్తే లేచి, మసక వెలుతురులో నెమ్మదైన పని ఏదైనా చేసుకుని, నిద్ర ముంచుకొచ్చాకే పక్క మీదికి వెళ్లమంటారు. కానీ ఓవెన్ వద్దమ్మా. వంటింటి లైటు కళ్లలో కొడుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, రుచి చూస్తూ తింటావు, నిద్రమత్తులో వేడి ట్రే పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పిండి కలిపితే మనసు కుదుటపడుతోందన్నావు కదా, దాన్ని వదులుకోవద్దు. ఆఫీసు నుంచి వచ్చాక, సాయంత్రం వెలుగుండగానే కలుపు. చుట్టలు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. కాల్చడం సెలవు రోజు చూసుకోవచ్చు. రాత్రి లేచినప్పుడు మాత్రం ఓ కుర్చీలో కూర్చుని, గోరువెచ్చటి పాలు తాగు. గడియారం వైపు చూడకు.

డాక్టర్‌ను కలిశాక నాకు మళ్లీ రాయి. ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: కామొమైల్ వెన్న ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకోవచ్చా? ఎండు పూలు ఎంతకాలం బాగుంటాయి?

జవాబు: వెన్నను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో వారం బాగుంటుంది. అంతకు మించి కావాలంటే వంద గ్రాముల ముద్దలుగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. వెన్న పక్కనున్న వాసనలన్నీ పట్టేస్తుంది, ఉల్లిపాయ దరిదాపుల్లో పెట్టకండి. పూలను గాజు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచితే ఏడాది దాకా వాడుకోవచ్చు. అనుమానం వస్తే ఒక పువ్వును వేళ్ల మధ్య నలిపి చూడండి. యాపిల్ వాసన రాకుండా దుమ్ము వాసన వస్తే ఆ సీసా ఖాళీ చేసి కొత్తవి తెచ్చుకోండి.